మెచ్చుకోని నోరు

మా అత్త తవిటమ్మ మీద నాకు ఆ రోజు ఎంత కోపం వచ్చిందో, ఇప్పుడు మా పిల్లాడికి రిపోర్టు రాసిచ్చిన ఆ సెంటరు వాళ్ళ మీద అంతకు పదింతలు ఉంది. అది చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. చల్లారితే మర్యాదలు గుర్తొస్తాయి, మర్యాదగా రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ సెంటరు పేరు మాత్రం రాయను. రాస్తే చదివినవాళ్ళలో ఒకరిద్దరైనా అడ్రసు వెతుక్కుంటూ పోతారు.

ముందు మా అత్త గురించి చెప్పాలి. ఆవిడ సంగతి తెలియకపోతే జరిగింది తలాతోకా లేకుండా ఉంటుంది.

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. నీళ్ళున్నచోట వరి, లేనిచోట మొక్కజొన్న, గోగు. అత్త పుట్టిందీ, మెట్టిందీ, నడుం వంగిందీ ఈ పొలాల్లోనే. వాళ్ళమ్మకి ముందు పుట్టిన పిల్లలు నిలవలేదట. అందుకని ఈవిడ పుట్టగానే చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు. తర్వాత కాసింత తవుడు కొలిచి పోసి, మళ్ళీ కొనుక్కున్నారు. తవుడుకి కొన్న పిల్ల కాబట్టి తవిటమ్మ. మా వైపు ఇలాంటి పేర్లు వీధికి ఇద్దరు ముగ్గురికి ఉంటాయి. ఈ పిల్ల తవుడుపాటి చేస్తుంది, దీన్నేం తీసుకెళ్తాంలే అని మృత్యువు వదిలేసి పోవాలి. అదీ దీని వెనకున్న ఆలోచన.

పేరుతో అయిపోదు. అలా కొనుక్కున్న బిడ్డని నలుగురిలో మెచ్చుకోకూడదు, దిష్టి తగులుతుంది. ఎవరైనా "పిల్లడు బాగున్నాడే" అంటే, "ఏటి బాగు, పేడముద్ద" అనాలి. "మాటలొచ్చాయా" అంటే, "ఏ మాటలు, మట్టిబెడ్డ" అనాలి. ఎంత ముద్దుంటే అంత తీసిపారేసి మాట్లాడాలి. మా అత్త ఈ విద్యలో ఆరితేరినావిడ. మా ఆయన త్రినాథ్‌ని ఇప్పటికీ, ముప్పయ్యేళ్ళు దాటి మీసాలు దువ్వుకుంటున్నా, ఎవరైనా పొగిడితే "ఆడా, పనికిమాలినోడు" అనే అంటుంది. త్రినాథ్ కంటే ముందు ఆవిడకి ఇద్దరు పుట్టి పోయారు మరి.

నాకు మొదట పుట్టిన పాప పురిట్లోనే పోయింది. తర్వాత వీడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే అత్త చేట దులిపింది. పక్కింటి అసిరమ్మ వీణ్ణి తీసుకుని వాళ్ళ గుమ్మంలో కూర్చుంది, అత్త తవుడు పోసి తిరిగి తెచ్చుకుంది. నేను డిగ్రీ చదివాను. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ అడ్డుచెప్పలేదు. ఒక బిడ్డని పోగొట్టుకున్న ఇంట్లో ఎవరు దేనికి అడ్డుచెబుతారు? ఆధార్ కార్డులో వాడు ధనరాజు. ఇంట్లో తవుడు.

నేను చీపురుపల్లిలో ఎరువుల షాపులో బిల్లులు కొడతాను. త్రినాథ్‌కి మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. వాణ్ణి పెంచింది అత్తే. అయినా వాడిలో తేడా మొదట చూసింది నేను. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది. వాడు చింతపిక్కల్ని గడప పొడుగునా వరసగా పేర్చేవాడు. ఒక్కటి జరిగితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరేవాడు. తోటిపిల్లలు పక్కనే ఆడుతున్నా వాళ్ళు లేనట్టే ఉండేవాడు. మాటలు వచ్చాయి కానీ తక్కువ, పైగా వాడి దారిలో వాడివి. స్టేషన్లో విన్న "దయచేసి వినండి" అనే ప్రకటనని ఆ గొంతుతో, ఆ సాగదీతతో మొత్తం అప్పజెప్పేవాడు.

"మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయి" అన్నాడు త్రినాథ్. "ఫోన్లో ఏవేవో చూసి లేనిపోనివి తగిలించుకోకు" అన్నారు మా వాళ్ళు. నేను వినలేదు. ఆటిజం అన్న మాటని ఆ ఇంట్లో మొదట పలికిన నోరు నాది. ఆ మాటకి భయపడకుండా నిలబడిందీ నేనే.

చీపురుపల్లిలో ఒక ప్రైవేటు స్కూలుంది. ప్రిన్సిపాల్ కుసుమకుమారి గారు మంచావిడే. మా వాణ్ణి చూసి, "పిల్లాడికి ఏముందో, ఎంతుందో రిపోర్టు తెండమ్మా. దాన్నిబట్టి క్లాసులో పక్కన ఒక ఆయాని పెట్టుకోవచ్చో లేదో చూద్దాం. అది లేకుండా సీటివ్వలేను" అన్నారు. న్యాయమైన మాటే. వాడికి ఆరో ఏడు వస్తోంది. ఈ ఏడు చేరకపోతే ఇక ఇంట్లోనే. నాకు కావాల్సింది ఒక్కటే: వాడు ఎలా ఉన్నాడో అలా రాసిన కాగితం. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ప్రభుత్వాసుపత్రిలో చూపించాలంటే రోజుల తరబడి తిరగాలన్నారు. విజయనగరంలో ప్రైవేటు సెంటరు ఉందని, ఒక్క పూటలో తేల్చేస్తారని ఎవరో చెప్పారు. నా జీతంలో నెలన్నర పోసి అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

మేడమీద సెంటరు. గోడలకి ఏనుగులు, ఇంద్రధనుస్సులు. చెప్పులు బయట విప్పమన్నారు. డబ్బు ముందు కట్టమన్నారు. తర్వాత, "పిల్లాడితో రోజంతా ఎవరుంటారో వాళ్ళొక్కరే లోపలికి రావాలి" అన్నారు. సబబే అనిపించింది. అత్త వాణ్ణి చంకనెత్తుకుని లోపలికి వెళ్ళింది. నేను, త్రినాథ్ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. లోపల ఉన్నది డాక్టరు కాదు, రేఖ అని ఒక చిన్నమ్మాయి. ఈ మధ్యే కోర్సు పూర్తి చేసి చేరిందట. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. నా జుట్టు కత్తిరించడానికి కూడా అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

రిపోర్టు ఫోనుకి వచ్చింది. రంగురంగుల గీతలు, పెద్ద పెద్ద మాటలు, కింద విశాఖపట్నంలో ఉండే ఒక పెద్దడాక్టరు సంతకం. ఆయన మా వాడి మొహం చూసిన పాపాన పోలేదు. సారాంశం ఇదీ: అతి తీవ్రమైన ఆటిజం. మాటలు లేవు. చెప్పింది అర్థం చేసుకోడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. తన పని ఒక్కటీ చేసుకోలేడు. ఎవరిమీదా మమకారం లేదు. మామూలు బడికి పనికిరాడు. తమ సెంటర్లోనే రోజంతా ఉంచే ప్యాకేజీలో చేర్చాలి.

మమకారం లేదట. ఆ ముక్క చదవగానే షాపులో బిల్లులు వదిలేసి ఇంటికి వచ్చేశాను.

అత్త పెరట్లో గోగునార ఆరేస్తోంది. తవుడు ఆవిడ కొంగు పట్టుకుని వెనకాలే తిరుగుతున్నాడు.

"అత్తా, ఈడు నీళ్ళు కావాలని అడగడా?" అన్నాను.

"ఎందుకడగడు? మామ్మా నీల్లు అంతాడు."

"మరి ఆ సెంటర్లో ఏటి సెప్పినావు?"

"ఏటీ రాదని సెప్పినాను."

"పిలిస్తే పలకడని?"

"పలకడనే సెప్పినాను. ఆ రాసుకునే బొట్టి ధన్‌రాజ్, ధన్‌రాజ్ అని పిలిసింది. ఆ పేరు ఈడికేటి తెలుసు?"

"తవుడని పిలవమని సెప్పొచ్చు కదా!"

"ఎందుకు సెప్పాల?"

నేను అరిచాను. ఆ అరుపులు అసిరమ్మ ఇంటికే కాదు, రైల్వే గేటు దాకా వినపడి ఉంటాయి. పిల్లాడి బతుకు నాశనం చేశావన్నాను. బుద్ధి ఉందా అన్నాను. పెద్దావిడని అనకూడని మాటలు ఇంకా రెండు అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆవిడ నార ఆరేస్తూనే ఉంది. చివరికి నా వైపు తిరిగింది.

"మరెలగ సెప్పమంతావే? ఎవులో తెలీని బొట్టి. ముందల కాయితాలెట్టుకోని, ఈడికది వొచ్చా, ఇది వొచ్చా అని అడుగుతంది. అన్నీ వొచ్చునని నా నోటితో నాను సెప్పీసి, అది రాసీసుకుంతే, ఈడు నిలవాలా వొద్దా?"

"అవన్నీ మూఢనమ్మకాలత్తా."

"నీ పెద్ద గుంట పుట్టిన్నాడు నువ్వు సోయలో లేవు. ఆసుపత్రిలో అందరి ముందలా నాను నోరు జారినాను. బంగారుబొమ్మే, మా ఇంట్లో ఇలాటి పిల్ల పుట్టనేదు అన్నాను. తెల్లారీసరికి ఏటైనాదో నీకు తెలుసు. త్రినాథుకి కూడా సెప్పనేదు నానీ మాట. ఇప్పుడు నీకు సెప్తన్నాను."

ఆవిడ ఆ మాట ఆరేళ్ళకు పైగా కడుపులో దాచుకుంది. నేను అక్కడే చతికిలబడ్డాను. పాప గుండెలో రంధ్రంతో పుట్టిందని డాక్టర్లు రాసిచ్చిన సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఈవిడకి ఎక్కదు. తన నోరే చంపిందని ఆవిడ నమ్మకం. ఆ నోటినే పట్టుకుని ఎవరో ప్రశ్నలు అడిగారు, వచ్చిన జవాబుల్ని వచ్చినట్టే రాసుకుపోయారు. ఎదురుగా ఉన్న పిల్లాడి వైపు ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే, ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నవాడికి మమకారం లేదని కళ్ళున్న ఎవరూ రాసి ఉండేవారు కాదు. నా కోపం ఆ పెరట్లోనే దారి మార్చుకుంది.

అయినా ఒకసారి అడిగి చూద్దామని కుసుమకుమారి గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రిపోర్టు చదివి కళ్ళజోడు తీశారు. "ఇంత తీవ్రమని కాగితం మీద ఉండగా నేను చేర్చుకుంటే రేపు ఏదైనా అయితే నాది బాధ్యత అవుతుంది. ఇది తప్పయితే సరైనది తెండమ్మా. అడ్మిషన్లు అయ్యేదాకా సీటు ఆపుతాను" అన్నారు.

మర్నాడు విజయనగరం వెళ్ళాను. ఈసారి చెప్పులు విప్పలేదు. ఆ సెంటరుకి డైరెక్టరు ఎల్లాజీ అని ఒకాయన. ఏసీ గది, బల్లమీద బొమ్మ రైలు. నేను చెప్పిందంతా నవ్వుమొహంతో విన్నాడు.

"సమాచారం ఇచ్చింది మీ అత్తగారే కదండీ. మేం కల్పించి రాయలేదు కదా."

"పిల్లాణ్ణి పరిశీలించి రాశామని మీ రిపోర్టులో ఉంది. ఎవరు పరిశీలించారు? కింద సంతకం పెట్టినాయన ఆ రోజు ఈ ఊళ్ళోనే లేడు."

"అది మా పద్ధతండీ. అన్ని సెంటర్లలోనూ ఇంతే."

"మా వాడు మాట్లాడతాడు. బట్టలు తొడుక్కుంటాడు. ఫోన్లో వీడియో ఉంది, చూడండి."

చూడలేదు. ఫోను వైపు చెయ్యి కూడా చాచలేదు. తల ఒక పక్కకి వాల్చి, జాలిగా ఒక మాటన్నాడు. "అమ్మా, మీ బాధ నాకు తెలుసు. తల్లులు మొదట్లో ఒప్పుకోరు. అందరూ ఇలాగే వస్తారు. నెమ్మదిగా ఒప్పుకుంటారు. ఆలస్యం చేస్తే నష్టం మీ బాబుకే. ప్యాకేజీలో చేరితే ఈ ఫీజు అందులో తగ్గిస్తాం."

ఆ మాటకి ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. నేను ఒప్పుకోకపోవడం ఏమిటి? మొగుడు కాదన్నా, పుట్టింటివాళ్ళు కాదన్నా, వీడికి ఆటిజం ఉందని వాదించి ఆ మేడమెట్లు ఎక్కిందాన్ని నేను. ఉందని అనే నోటిని పట్టుకుని లేదంటున్నావంటాడు. మీరు రాసింది తప్పు అంటే, అలా అనడమే నా జబ్బుకి గుర్తు అంటాడు. ఇక తల్లి ఏ మాట అంటే చెల్లుతుంది? ప్యాకేజీకి సరే అన్న మాట ఒక్కటే చెల్లుతుంది. బొమ్మ రైలు తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. మా ఊరి భాషలో నాలుగు పెట్టాను. రిసెప్షన్లో కూర్చున్న తల్లులంతా విన్నారు. ఒకావిడ పిల్లని ఎత్తుకుని నా వెనకే మెట్లు దిగింది. అది చాలు నాకు.

రెండోసారి శ్రీకాకుళం. అక్కడ సుహాసిని అని ఒక సైకాలజిస్టు ఇంట్లోనే చిన్న గది పెట్టుకుని చూస్తారని తెలిసింది. ఆవిడా ప్రైవేటే, ఆవిడా ఫీజు తీసుకుంటారు. ప్రైవేటంటే నాకు కోపం లేదు, చూడకుండా రాసేవాళ్ళంటే కోపం. ఫోన్ చేస్తే ఆవిడ, "పెంచిన మామ్మ గారు కూడా రావాలి. మూడేళ్ళ వయసులో ఎలా ఉండేవాడో, ఏది ఎప్పుడు వచ్చిందో ఆవిడకే తెలుస్తుంది" అన్నారు. మళ్ళీ అదే గండం.

"నాను రాను. వొస్తే మల్లీ అదే సెప్తాను" అంది అత్త.

"వస్తావు" అన్నాను. నా మొహం చూసి బయల్దేరింది.

చీపురుపల్లిలో పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగాం. దారంతా తవుడు కిటికీ ఊచలు పట్టుకుని వచ్చే స్టేషను పేరు ముందే చెబుతూ ఉన్నాడు. ఎదురు సీట్లో ఒకాయన ముచ్చటపడి "భలే చురుకే బాబు" అన్నాడు. అత్త వెంటనే "ఏటి సురుకు, ఎర్రిబాగులోడు" అంది. నేను పళ్ళు నూరుకున్నాను. అక్కడినుంచి ఆటో.

సుహాసిని గారు వాడితో పాటు నేలమీద కూర్చున్నారు. ఇంట్లో ఏమని పిలుస్తారని మొదటే అడిగారు. "తవుడూ" అంటే వాడు తల తిప్పాడు. పిక్కలు పేర్చనిచ్చారు, ఒకటి జరిపి ఏం చేస్తాడో చూశారు, ఏడిస్తే ఆగారు. పొద్దెక్కి, భోజనాలవేళ దాటిపోయింది. తర్వాత వచ్చిన రిపోర్టు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, ఎవరూ ఆత్రపడక్కర్లేదు. వాడికి ఆటిజం ఉంది. నేనన్నట్టే ఉంది. మధ్యస్థంగా ఉంది. పక్కన ఒక మనిషి తోడుంటే మామూలు బడిలో చదవగలడు, మాటల శిక్షణ కావాలి. కుసుమకుమారి గారు దాన్ని చదివి సీటిచ్చారు. కానీ ఆ రిపోర్టులో సగం వాడు సంపాదించాడు. మిగతా సగం మా అత్త ఇచ్చింది. ఎలా ఇచ్చిందో చెప్పడానికే ఇదంతా రాశాను.

ఆడటం అయ్యాక సుహాసిని గారు కుర్చీలోకి వచ్చి, ఫైలు తెరిచి, అత్తని అడిగారు. "మామ్మ గారూ, బాబు తనకి కావాల్సింది అడుగుతాడా?"

అత్త నోరు తెరిచింది. "నేదు తల్లీ, ఆడికేటీ..."

"అత్తా!" అన్నాను.

ఆగిపోయింది. మొహమంతా చెమటలు. సుహాసిని గారు నీళ్ళిచ్చారు, తాగలేదు. వేళ్ళు చీరకుచ్చెళ్ళని నలుపుతూనే ఉన్నాయి. ఆవిడ ఇంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు జాలి వేయాలి. వేయలేదు, కోపమే వచ్చింది. "ఒకరు పోయినారని ఈడినీ దాసేస్తావా? నీ నోటికి భయపడి ఈడు రేపట్నుంచి ఇంట్లో మూలన కూకోవాలా? ఉన్నోడిని లేడని రాయిస్తే, ఈడు బతికున్నట్టా?" అన్నాను.

అత్త పిల్లాడి వైపు చూసింది. "ఆడిని బైటికి తీసుకెల్లిపోండి. ఆడి ముందల సెప్పలేను" అంది.

త్రినాథ్ వాణ్ణి ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్ళాడు. తలుపు నేనే వేశాను.

"అడుగుతాడు" అంది అత్త. "నీల్లడుగుతాడు. అన్నమడుగుతాడు. మామ్మా అంతాడు నన్ను. నా సెప్పులెక్కడున్నా తెచ్చి కాల్ల ముందలెడతాడు. సొక్కా తొడుక్కుంతాడు, గుండీలు మాత్రం ఎట్టుకోలేడు. అసిరమ్మ దూడ అరిస్తే ఈడూ ఏడుస్తాడు. మొన్న నాకు జొరమొస్తే దుప్పటి తెచ్చి కప్పినాడు. కప్పీసి, నా పక్కనే పిక్కలు పేర్సుకుంతా కూకున్నాడు, పొద్దోయేదాకా కదల్నేదు. వాల్లమ్మ బండి మోత ఎంత దూరంలో ఉన్నా పోల్సుకుంతాడు, గుమ్మంలోకొచ్చి నిలబడతాడు..."

ఒకసారి మొదలుపెట్టాక ఆవిడ ఆగలేదు. నాకు తెలియనివి ఎన్నో చెప్పింది. నేను షాపులో ఉండగా వాడు చేసినవీ, అన్నవీ, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోకుండా పోగేసుకున్నవీ అన్నీ. చెబుతున్నంతసేపూ కళ్ళ నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. సుహాసిని గారు తలెత్తకుండా రాస్తున్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

అంతా అయ్యాక అత్త కుర్చీలో ముందుకి వంగి ఆ ఫైలు మీద చెయ్యి వేసింది.

"ఇయ్యన్నీ రాసీనావా తల్లీ?"

"రాశానమ్మా."

"ఎవులు సెప్పినారో కూడా రాయి. వాల్లమ్మ పేరు రాయకు, ఆడి పేరు రాయకు. తవిటమ్మ సెప్పినాదని రాయి. తగిల్తే నాకు తగలాల."

సుహాసిని గారు ఒక్కసారి నా వైపు చూసి, పెన్ను తీసుకుని ఆ పేరు రాశారు.